జార్జియాలో ఒక ఓటు

2024వ సంవత్సరము అక్టోబరు నెలలో ఒకనాటి యుదయమున, అమెరికా దేశమునందలి జార్జియా రాష్ట్రమున, ఫోర్సైత్ కౌంటీలోని యొక గ్రంథాలయము వెలుపల బల్లమీద మేమును మా యింటివారును కూర్చుండి యుంటిమి. లోపల మా కుమార్తె ఆ దేశపు అధ్యక్షుని యెన్నికలో మొదటిసారిగ ఓటు వేయుచుండెను. ఆమె పౌరసత్వ ప్రమాణము చేసి అప్పటికి ఏడు మాసములే యైనది. మేము పరదేశస్థులము. ఎవరును మమ్ము వారింపలేదు గాని, మాకు పని లేని చోటికి మేమేల పోవలెనని బయటనే నిలిచితిమి.

వచ్చుచు దారిలో, "ఎవరికి వేయదలచితివమ్మా?" యని యామె నడిగితిమి. ఆమె రోడ్డుమీదినుండి చూపు మరల్చకయే, "అది అడగకూడదు నాన్నగారూ" అనెను. మా యల్లుడు ముందునాడే ఓటు వేసి వచ్చి, తానెవరికి వేసినదియు అడుగకుండనే చెప్పి యుండెను. భర్త దాచని సంగతిని భార్య దాచనేల యని మాకు తోచెను. నిజము చెప్పవలెనన్న, కొంచెము మనసు నొచ్చెను. స్త్రీవిద్యను గూర్చియు, స్త్రీల స్వాతంత్ర్యమును గూర్చియు ముప్పదియేండ్లుగ వ్రాయుచు వచ్చినవారము మేము. కాని మా యింట ప్రతి యెన్నికకును ముందునాటి రాత్రి, భోజనములైన పిమ్మట, ఏ గుర్తునెదుట మీట నొక్కవలెనో మా యింటివారికి చెప్పు నలవాటు మాకు కలదు. ఆమె "అలాగే" యనుచుండెడిది. అది యాజ్ఞ యని మేమెన్నడును తలపలేదు, సలహా యనుకొనుచుంటిమి.

ఆ దేశమున అధ్యక్షుని ప్రజలు నేరుగ నెన్నుకొనరు. రాష్ట్రమునకు ఇందరని ఎలక్టర్లుందురు. రెండు చిన్న రాష్ట్రములను విడిచినచో, తక్కిన ప్రతి రాష్ట్రమునను ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవానికి ఆ రాష్ట్రపు ఎలక్టర్లందరును దక్కుదురు. జార్జియాకు పదునార్గురు ఎలక్టర్లు. ఎటు వేయునో ముందే తెలిసిన రాష్ట్రములను ఉభయపక్షములవారును పలుకరింపరు. తెలియని ఆరేడు రాష్ట్రముల చుట్టును ప్రదక్షిణము చేయుచుందురు. వీనికి మన పత్రికలు ఊగిసలాడు రాష్ట్రములని పేరు పెట్టినవి. మేమున్న దినములలో మా కుమార్తె యింటి తపాలపెట్టె ప్రతి సాయంకాలమును అభ్యర్థుల కరపత్రములతో నిండుచుండెడిది. టెలివిజనులో వచ్చు ప్రకటనలను మా యెనిమిదేండ్ల మనుమడు, మేము బాల్యమున సుమతీశతకము వల్లించినట్లు, తప్పు లేకుండ వల్లించుచుండెను. వానిలో పరస్పర దూషణము తప్ప మాకు వేరొకటి వినబడలేదు.

2020వ సంవత్సరమున ఈ రాష్ట్రమున సుమారు 50 లక్షలమంది ఓటు వేయగా, బైడెనునకు ట్రంపుకంటె ఎక్కువ వచ్చిన యోట్లు 11,779. మన వైపు ఒక మండలమునందలి ఓటర్లకంటె నిది తక్కువ సంఖ్య. కాగితపు ఓట్లన్నిటిని చేతులతో మరల లెక్కించిరి. 2021 జనవరి 2వ తేదీన, అప్పటికింకను పదవియందున్న ట్రంపు, రాష్ట్రమున ఎన్నికల వ్యవహారము చూచు కార్యదర్శి రాఫెన్స్‌పెర్గరునకు టెలిఫోను చేసి, తనకు 11,780 ఓట్లు కావలెనని యడిగెను. ఆ కార్యదర్శియు ట్రంపు పక్షమువాడే. అయినను లెక్క మార్చుట కాయన యొప్పుకొనలేదు. ఇంత జరిగిన రాష్ట్రము గనుక 2024లో లోకము కన్నులన్నియు మరల దానిమీదనే నిలిచెను.

ఊగిసలాడుట యనగనే, ఈ రాష్ట్రపు ప్రజలు చపలచిత్తులని మేమనుకొంటిమి. మా కుమార్తె యింట నున్న పుస్తకములు చదివిన కొలది ఆ యభిప్రాయము పోయినది. 1868 మొదలు 1960 వరకు జరిగిన ఇరువది నాలుగు ఎన్నికలలోను జార్జియా ఒక్క పర్యాయమైనను డెమొక్రాటిక్ పక్షమును విడువలేదు. 1872లో ఆ పక్షము బలపరచిన హోరేస్ గ్రీలీ, ప్రజల ఓటింగు ముగిసి ఎలక్టర్లు సమావేశము కాకమునుపే మరణించెను. అయినను జార్జియా ఎలక్టర్లలో మువ్వురు మృతునికే ఓటు వేసిరి! కాంగ్రెసు ఆ మూడింటిని లెక్కకు గొనలేదు. ఇంత నిలుకడ మరియెచ్చట నుండును? కాని ఆ నిలుకడ యెట్లు సమకూడెనో తెలిసినప్పుడు మాకు నవ్వు రాలేదు.

అంతర్యుద్ధానంతరము బానిసత్వము పోయి, నల్లవారు ఓటర్లైరి. శాసనసభకు సభ్యులుగ నెన్నికైరి. 1868 సెప్టెంబరులో తెల్లసభ్యులు కూడబలుకుకొని, ఓటు వేయు హక్కు కలిగినంత మాత్రమున పదవి వహించు హక్కు కలుగదని వాదించి, ఆ నల్లసభ్యులలో పెక్కుమందిని సభనుండి వెడలగొట్టిరి. వారిలో హెన్రీ మెక్‌నీల్ టర్నరను మతాచార్యుడు సభలో లేచి, తన మనుష్యత్వమును గూర్చి వాదించుటకు తాను సిద్ధముగ లేనని భావము వచ్చునట్లు మాటలాడెను. 1870లో వారిని మరల చేర్చుకొనవలసి వచ్చెను గాని, అధికారము త్వరలోనే పాతవారి చేతికి పోయెను. 1877 నాటి రాజ్యాంగమున ఓటు పన్ను విధించిరి. ఒక యేడు కట్టనిచో అది బాకీయై మరుసటి యేటికి పేరుకొనుచుండెను. పదియేండ్ల బాకీ తీర్చి ఒకదినము ఓటు వేయుటకు ఏ పేదవాడు సాహసించును? 1908లో చదువు పరీక్షను పెట్టిరి. పూర్వము సైన్యమున పనిచేసినవారి సంతతివారికి ఆ పరీక్ష లేదు. ఎవరిని వడగట్టుటకు ఈ జల్లెడ కట్టిరో చదువరులు గ్రహింతురు. అన్నిటికిని మించి, అభ్యర్థిని నిర్ణయించు పక్షాంతర్గతమైన ఎన్నికలో తెల్లవారు తప్ప ఇతరులు ఓటు వేయరాదని నియమించిరి. ఒకే పక్షమున్న చోట అసలైన ఎన్నిక అదియే గదా!

కొలంబసు నగరమున క్షౌరవృత్తి చేయుచు మతబోధయు చేయుచుండిన ప్రైమస్ కింగను నల్లవాడు 1944 జూలై 4వ తేదీన, అనగా ఆ దేశపు స్వాతంత్ర్యదినమున, ఈ పక్షాంతర్గతపు టెన్నికలో ఓటు వేయబోగా త్రిప్పి పంపిరి. ఆయన దావా వేసి 1946లో గెలిచెను. ఆ యేటనే జూలైలో, టేలర్ కౌంటీయందు, యుద్ధమునుండి తిరిగి వచ్చిన మాసియో స్నైప్స్ అను నల్లసైనికుడు ఓటు వేసెను. ఆ కౌంటీ నల్లవారిలో ఆ యెన్నికలో ఓటు వేసినది ఆయన యొక్కడే. మరునాడు ఆయనను తుపాకితో కాల్చిరి. రెండు దినములకు మరణించెను. ఎవరికిని శిక్ష పడలేదు. దేశముకొరకు యుద్ధము చేసి వచ్చినవాని కది బహుమానము.

మా పత్రికను చదువు గృహిణులు ఇక్కడ నొక ప్రశ్న వేయవచ్చును: స్త్రీల సంగతి యేమి? స్త్రీలకు ఓటు హక్కు నొసగు రాజ్యాంగ సవరణమును 1919 జూలైలో మొట్టమొదట తిరస్కరించిన రాష్ట్రము జార్జియాయే. 1920లో దేశమంతటను ఆ సవరణము అమలులోనికి వచ్చినను, ఎన్నికకు ఆరు మాసములకు ముందే పేరు నమోదు కావలెనను నియమము చూపి, ఆ నవంబరులో జార్జియా స్త్రీలను ఓటు వేయనీయలేదు. రాష్ట్రము ఆ సవరణమును లాంఛనముగ ఆమోదించినది 1970లో! ఈ నడుమ 1922 నవంబరులో జార్జియాకే చెందిన రెబెక్కా ఫెల్టన్ అను 87 ఏండ్ల వృద్ధురాలు అమెరికా సెనేటులో కూర్చున్న మొదటి స్త్రీ యయ్యెను. ఆమె సభ్యత్వము ఒక్క దినము మాత్రమే. స్త్రీల విద్యకును, ఓటునకును, ఖైదీల బాధల నివారణకును ఆమె జీవితమంతయు పాటుపడెను. ఇంతవరకు చదివి చేతులు జోడింపబోయితిమి. తరువాతి పుటలో, నల్లవారిని విచారణ లేకుండ చంపుటను సమర్థించుచు 1897లో ఆమె చేసిన యుపన్యాసపు ప్రస్తావన కనబడెను. ఆమె యొకప్పుడు బానిసల యజమానురాలు కూడ. పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిమి. ఒక అన్యాయమును చక్కగ చూచిన కన్ను దాని ప్రక్కనున్న దానిని చూడకుండుట ఆమె యందే మొదలు కాలేదు. వితంతువుల కన్నీరు తుడిచిన మన పెద్దలలో ఎందరి యిండ్ల బావులనుండి మాలమాదిగలు నీరు తోడుకొనగలిగిరో మనకు తెలియనిది కాదు.

మంచి చెప్పకపోవుట న్యాయము గాదు. పదునెనిమిదేండ్లవారికి ఓటు మొదట నొసగిన రాష్ట్రము జార్జియా, అది 1943లో. దేశమంతటికిని ఆ హక్కు 1971లో గాని రాలేదు, మన దేశమున 1989లో గాని రాలేదు. గవర్నరు ఎల్లిస్ ఆర్నల్ కాలముననే, 1945లో, ఓటు పన్నును తీసివేసిరి.

ఇంకొక విడ్డూరము కలదు. రాష్ట్రమున 159 కౌంటీలు. వానిలో పెద్దవగు ఎనిమిదింటికి ఆరేసి, తరువాతి ముప్పదింటికి నాలుగేసి, తక్కిన 121 చిన్న కౌంటీలకు రెండేసి చొప్పున పక్షాంతర్గతపు టెన్నికలలో విలువ కట్టిరి. లక్షలమంది యున్న అట్లాంటా నగరపు కౌంటీ విలువ ఆరు. పట్టుమని పదివేలమంది లేని మూడు పల్లెటూరి కౌంటీల విలువయు ఆరే. 1946లో గవర్నరు పదవికి కార్మైకేలునకు ఎక్కువ ఓట్లు వచ్చినను, ఈ లెక్క వలన టాల్మడ్జ్ గెలిచెను. 1963లో సుప్రీంకోర్టు దీనిని కొట్టివేసి, ఒక మనిషికి ఒక ఓటను సూత్రమును స్థాపించెను. అయితే అధ్యక్షుని యెన్నికలో ఎలక్టర్ల పద్ధతి దీనికి పెద్దన్న వంటిది గాదా? 2000లోను 2016లోను దేశమున తక్కువ ఓట్లు వచ్చినవారే అధ్యక్షులైరి. మా యల్లునితో ఈ మాట యనగా, అతడు నవ్వి, "అది రాజ్యాంగం మామయ్యగారూ, దాన్ని ముట్టుకోలేము" అనెను.

ఇక 1960కి వత్తము. ఆ యక్టోబరులో అట్లాంటాలోని యొక పెద్ద దుకాణమున నల్లవారికి భోజనము పెట్టరని కూర్చుండి సత్యాగ్రహము చేసిన మార్టిన్ లూథర్ కింగును బంధించి, పాత మోటారు నేరమొకటి త్రవ్వి తీసి, నాలుగు మాసముల కఠినశిక్ష విధించి జైలునకు పంపిరి. ఆయన భార్య కొరెట్టా గర్భవతి. అభ్యర్థిగానున్న కెన్నెడీ ఆమెకు టెలిఫోను చేసి ఓదార్చెను, ఆయన తమ్ముడు న్యాయాధికారితో మాటలాడెను, కింగు విడుదలయ్యెను. ఈ వార్త నల్లవారి దేవాలయములలో వ్యాపించి, దేశమున చాలచోట్ల వారి ఓట్లు కెన్నెడీ వైపు మరలినవి. అదే కెన్నెడీకి జార్జియా తెల్లవారును నూటికి అరువదికి పైగా వేసిరి, వారికది తాతలనాటి పక్షము గనుక. నాలుగేండ్లకు, 1964 జూలైలో, డెమొక్రాటగు జాన్సన్ పౌరహక్కుల చట్టముపై చేవ్రాలు చేసెను. నవంబరులో జార్జియా, తన చరిత్రలో మొదటిసారి, రిపబ్లికన్ అభ్యర్థి గోల్డ్‌వాటరునకు వేసెను. నూరేండ్లకు చేరవచ్చిన విశ్వాసము నాలుగు మాసములలో విరిగినది. 1968లో, వర్ణవిభేదమును బాహాటముగ బోధించిన వాలెసునకు వేసెను. 1972లో 159 కౌంటీలును నిక్సనునకు. 1976లో ఆ 159 కౌంటీలును తమ యూరివాడగు కార్టరునకు! ఊగిసలాట యన్న ఇది యొక్కటే మాకు నిజమైన ఊగిసలాటగ కనబడినది. 1992లో సుమారు 13,700 ఓట్ల తేడాతో క్లింటనును గెలిపించి, తరువాత 2020 వరకు మరల రిపబ్లికన్ పక్షముననే నిలిచెను. ప్లెయిన్స్ అను కుగ్రామమున నూరేండ్లు నిండిన కార్టర్, మేమా దేశముననున్నపుడే, 2024 అక్టోబరులో తపాలద్వారా ఓటు వేసెనని వింటిమి. ఆ డిసెంబరులో ఆయన గతించెను.

1965 ఆగస్టులో ఓటు హక్కుల చట్టము వచ్చెను. ఆ యేడే, రెండు మాసములలో, ఆసియావారికి తలుపులు తెరచిన వలసల చట్టమును వచ్చెను. ఒకే యలమీద కొట్టుకొని వచ్చిన రెండు పడవలని మా కుమార్తె చెప్పెను. 1923లో, భారతీయులు తెల్లవారు కారు గనుక పౌరులు కారాదని ఆ దేశపు సుప్రీంకోర్టే తీర్పు చెప్పి యుండెను. 1946 వరకు అదియే న్యాయము. అట్లుండగా మన తెలుగువారు ఆ రాష్ట్రమున ఇప్పుడు వేలకొలది స్థిరపడి, అట్లాంటా దాపున వేంకటేశ్వరునకు గుడి కట్టి, బ్రతుకమ్మ లాడుచున్నారు. ఇదెవరి కష్టఫలమో తలచువారు తక్కువ.

మా కుమార్తె యింటి నేల సంగతియే చెప్పెదము. 1912లో ఫోర్సైత్ కౌంటీలో సుమారు 1,100 మంది నల్లవారుండిరి. సెప్టెంబరులో ఒక తెల్లబాలిక హతురాలయ్యెను. అనుమానింపబడిన యొక నల్లవానిని గుంపు చంపెను; ఇద్దరు కుర్రవాండ్రను పేరునకు విచారించి ఉరిదీసిరి. పిమ్మట గుఱ్ఱములమీద రాత్రులు తిరిగి, నల్లవారి యిండ్లను దేవాలయములను తగులబెట్టి, ఇంచుమించుగ నందరిని కౌంటీ దాటించిరి. భూములు కలవారు అయినకాడికి అమ్ముకొని కొందరు, విడిచి కొందరు పోయిరి. డెబ్బదియైదేండ్లు ఆ కౌంటీ తెల్లవారిదే. 1987 జనవరిలో అచ్చట సౌభ్రాత్రయాత్ర చేసిన కొలదిమందిపై రాళ్లు రువ్విరి. మరుసటి వారము ఇరువదివేలమంది వచ్చి నడచిరి. ఈ కౌంటీలోనే నేడు మనవారి యిండ్లు వరుసలు వరుసలుగ నున్నవి. 2012లో రిపబ్లికన్ అభ్యర్థికి ఇచ్చట నూటికి 80 ఓట్లు రాగా, 2020లో సుమారు 66 వచ్చినవి. క్రొత్తగ వచ్చినవారి చేరికయు దీనికొక కారణము.

దసరానాడు ఒకరి యింట విందునకు పోయి, అచ్చటి పెద్దమనుష్యునితో ఈ 1912 నాటి కథను ప్రస్తావించితిమి. గుంటూరు ప్రాంతమువారు, చదువుకొన్నవారు, మర్యాదస్థులు. "అవన్నీ పాత కథలండీ. మన పిల్లలు తెలివితో వచ్చారు, కష్టపడ్డారు, కొనుక్కున్నారు. మనకెందుకు?" అనిరి. మేము బదులు చెప్పలేకపోతిమి. 1985లో కారంచేడునుండి చీరాలకు, 1991లో చుండూరునుండి తెనాలికి ప్రాణములు గుప్పిట పెట్టుకొని పోయినవారు మా జ్ఞాపకమునకు వచ్చిరి. ఆయనకును వచ్చిరేమో, మాట మార్చి పులిహోర వడ్డింపుమని కేక వేసిరి.

నాటి నిర్బంధము లన్నియు నేడు లేవు. క్రొత్తవి వేరు రూపములతో వచ్చుచున్నవని కొందరును, అవి మోసము రాకుండుట కొరకే యని కొందరును వాదించుచున్నారు. 2021లో చేసిన యొక చట్టము ప్రకారము, ఓటింగు స్థలమునకు 150 అడుగులలోపల వరుసలో నిలిచినవారికి ఇతరులు ఆహారముగాని నీరుగాని ఇచ్చుట నేరము. నీటిమిషతో ప్రచారము చేయుదురని కారణము చెప్పిరి. ఆ భయము నిరాధారమనుటకు మాకు నోరు రాదు, బిరియాని పొట్లములకును సీసాలకును ఎంత శక్తి కలదో మన యెన్నికలలో చూచినవారము గనుక. కాని 2020 జూనులో అట్లాంటా పేటలలో గంటలకొలది నిలిచినవారు ఎక్కువగా నల్లవారే. చలివేంద్రము పెట్టినవానిని పుణ్యాత్ముడను దేశమున పుట్టిన మాకు, దప్పిగొన్నవానికి నీరిచ్చుట నేరమను వాక్యము ఎన్నిమారులు చదివినను మ్రింగుడు పడలేదు.

మేము కూర్చున్ననాడు వరుస పెద్దది కాదు. మా యెదుటినుండి ముదుసలి నల్లదంపతు లిరువురు మెల్లగ నడచి లోపలికి పోయిరి. చీర కట్టిన యొక తెలుగుతల్లి బిడ్డను చంకనెత్తుకొని పోయెను. ఆమె వెనుక భర్త యేదో చెప్పుచు వచ్చుచుండెను. ఆమె వినుచున్నదో లేదో తెలియరాలేదు.

మా యింటివారు వారినే చూచుచు, "అమ్మాయి చెప్పలేదని కోపమా?" యని యడిగిరి. లేదంటిమి. కొంతసేపటికి ఆమెయే మరల, "నేను మీరు చెప్పిన గుర్తుకే వేశానని మీకెలా తెలుసు?" అనిరి.

మేము నవ్వితిమి. ఆమె నవ్వలేదు.

మొదటి సార్వత్రికపు టెన్నికలలో, తమ పేరు చెప్పక ఫలానివాని భార్య ననియు, ఫలానివాని తల్లి ననియు వ్రాయించుకొనిన సుమారు 28 లక్షలమంది స్త్రీలను జాబితాలోనుండి తొలగించిరని, మేము పూర్వమొక వ్యాసమున విచారముతో వ్రాసి యుంటిమి. ఆ వ్యాసమునకు శుద్ధప్రతి వ్రాసి పెట్టినది మా యింటివారే. "మొన్న మే నెలలో కూడనా?" అని యడిగితిమి. మన రాష్ట్రమున ఓటింగు జరిగినది మే 13న. ఆమె, "అమ్మాయి వస్తోంది, లేవండి" అని చేతిసంచి తీసికొనిరి.

కుమార్తె వచ్చెను. మనవలె వ్రేలికి సిరా పూయరట. పీచుపండు బొమ్మ గల చిన్న అంటుచీటి నిత్తురు. దానిని ఆమె తీసి తల్లి చీర కొంగుమీద అంటించెను. తల్లీకూతుళ్లు ముందు కూర్చుండిరి. మేము వెనుక కూర్చుంటిమి. దారిపొడవునను వారు కూరగాయల ధరలు మాటలాడుకొనిరి.

నవంబరు 5వ తేదీ రాత్రి లెక్క తేలినప్పుడు జార్జియాలో ట్రంపు సుమారు 1,15,000 ఓట్ల ఆధిక్యముతో గెలిచెను. మా యల్లుడు అర్ధరాత్రి దాటువరకు టెలివిజను ముందు కూర్చుండెను. మా కుమార్తె యెప్పటివలె పది గంటలకు నిద్రించి, తెల్లవారి ఏడు గంటలకు కొడుకును బడిబస్సు ఎక్కించి పనికి పోయెను. ఆమె ఓటు గెలిచిన లెక్కలోనిదో ఓడిన లెక్కలోనిదో మేము మరల అడుగలేదు.